పీటర్‌హోఫ్ రాజోద్యానము

రష్యా దేశపు పూర్వరాజధాని యగు సెయింట్ పీటర్స్‌బర్గు నగరమునకు పడమరగా సుమారు 30 కిలోమీటర్ల దూరమున, ఫిన్లాండు సింధుశాఖ యొక్క దక్షిణతీరమున పీటర్‌హోఫ్ అను చిన్న పట్టణము కలదు. పీటరు యొక్క ప్రాంగణమని ఆ పేరునకు అర్థము. రష్యా చక్రవర్తులు వేసవికాలమున రాజధానిని విడిచివచ్చి ఇచ్చట నివసించుచుండిరి. యాత్రికులు రైలుమీదను రోడ్డుమీదను గూడ ఇచ్చటికి రావచ్చును గాని, నేవానదిలో మరపడవ నెక్కి సముద్రముమీదుగా వచ్చుటయే ఉచితము. ఏలయన దీనిని కట్టించినవాడు సముద్రమువైపునుండి చూడవలెననియే కట్టించెను. పడవ తీరమును సమీపించుకొలది, చెట్లనడుమ తిన్నగా లోపలికి పోయిన ఒక కాలువయు, దాని కొనయందు ఎండకు మెరయు బంగారు విగ్రహముల గుంపును, వానికి పైన ఎత్తైన గట్టును, ఆ గట్టుమీద పసుపు తెలుపు వన్నెలతో పొడవుగా సాగిన మేడయు కనబడును.

ఉద్యానము రెండు భాగములుగా నున్నది. మేడకు వెనుకప్రక్క, గట్టుమీదనున్నది ఎగువతోట. దాని విస్తీర్ణము సుమారు 37 ఎకరములు. మేడకు ముందు, గట్టు దిగువనుండి సముద్రపుటొడ్డువరకు వ్యాపించినది దిగువతోట. అది సుమారు 250 ఎకరములు. ఈ రెండింటియందును కలిపి 150 వరకు ఫౌంటెనులును, నీరు మెట్లుమెట్లుగా దుముకు జలసోపానములు నాలుగును గలవు. ఫౌంటెను అని నేడు వాడుకలో నున్న దానినే మన పెద్దలు జలయంత్రమని వ్యవహరించిరి. ఇన్ని జలయంత్రములకు నీటిని ఎగజిమ్ముటకై ఎన్ని పంపులు అమర్చిరో యని యాత్రికుడు అబ్బురపడును. ఇచ్చట ఒక్క పంపును లేదు. నీటిని అట్లు ఎగయజేసిన ఉపాయము తెలిసికొనినగాని ఈ తోట యొక్క గొప్పతనము తెలియదు. దానికై మూడువందల సంవత్సరములు వెనుకకు పోవలెను.

పదునెనిమిదవ శతాబ్ది ప్రారంభమున రష్యాకు బాల్టిక్ సముద్రముమీద ఒక్క రేవును లేకుండెను. ఆ తీరమంతయు స్వీడన్ రాజుల వశమున నుండెను. సముద్రము లేని రాజ్యము ఊపిరి సలుపని మనుష్యుని వంటిదని తలచిన పీటరు చక్రవర్తి 1700 సంవత్సరమున స్వీడనుతో యుద్ధమునకు దిగెను. అది 21 సంవత్సరములు సాగెను. యుద్ధము జరుగుచుండగనే 1703లో నేవానది ముఖద్వారమున, బురదనేలయందు, క్రొత్త నగరమునకు పునాది వేయించెను. దానిని శత్రునౌకలనుండి కాపాడుటకై ఎదుటనున్న కోట్లిన్ ద్వీపమువద్ద క్రోన్‌ష్టాట్ దుర్గమును నిర్మింపజేసెను. ఆ పనులను చూచుటకై అతడు తరచుగా రాకపోకలు సాగింపవలసివచ్చెను. గాలివాన రేగినపుడు నగరమునుండి పడవలో పోవుట ప్రమాదము. కావున తీరమువెంబడి వచ్చి, ద్వీపమునకు సమీపమైన చోట పడవనెక్కుట అనుకూలముగా నుండెను. అట్టి చోట వేచియుండుటకు ఒక మజిలీగృహము ఏర్పడెను. 1705 నాటి దండయాత్రల దినచర్యలో పీటర్‌హోఫ్ పేరు మొదటిసారి కానవచ్చుచున్నది. ఇంత వైభవమునకు మూలము గాలి తగ్గువరకు తలదాచుకొను బస యొక్కటియే.

1709లో పోల్టావావద్ద స్వీడన్ రాజగు పండ్రెండవ చార్లెస్ ఓడిపోయెను. అటుపిమ్మట పీటరునకు భవనముల మీదికి మనసు పోయెను. 1714లో సముద్రపుటొడ్డున ‘మోంప్లెసీర్’ అను చిన్నయిల్లు ఆరంభమయ్యెను. ‘నా వేడుక’ యని ఆ ఫ్రెంచిమాటకు భావము. 1717లో అతడు ఫ్రాన్సుకు పోయి, పదునాలుగవ లూయీ నిర్మించిన వెర్సేల్స్, మార్లీ ఉద్యానములను చూచివచ్చెను. వానిని చూచి అసూయపడని రాజు ఆనాడు యూరపులో లేడు. అందరును ఆ శోభను చూచిరి. పీటరు మాత్రము నీరు వచ్చు మార్గమును గూడ చూచినట్లున్నాడు.

వెర్సేల్స్ తోటకు సహజమైన నీటివసతి లేదు. సీన్ నదిలోని నీటిని ఎత్తిపోయుటకై 1680 ప్రాంతమున 14 మహాచక్రములతో, 200కు మించిన పంపులతో ఒక యంత్రమును నిర్మించిరి. ఆ కాలమున అంతటి యంత్రము మరియొకటి లేదు. దాని చప్పుడు దూరమునకు వినబడుచుండెను, తరచు చెడిపోవుచుండెను. అంత చేసియు నీరు చాలదయ్యెను. రాజు ఒక జలయంత్రమును సమీపింపగానే కావలివాడు ఈలవేయగా మరియొకడు నీటిని విడుచును. రాజు దాటిపోవగానే కట్టివేయును. సూర్యునితో పోల్చుకొనిన రాజునకు నీరు ఆ విధముగా దాగుడుమూతలాడవలసివచ్చినది.

పీటరు మొదట తన మహోద్యానమునకు ఎన్నుకొనినది పీటర్‌హోఫును కాదు. నగరమునకు మరికొంత దగ్గరగానున్న స్ట్రెల్నా అను చోటును. అచ్చట పనులు కొంతవరకు సాగినవి గూడ. కాని మ్యూనిచ్ అను ఇంజనీరు మట్టములను కొలిచిచూచి, ఇచ్చట జలయంత్రము లాడవలెనన్న అడ్డుకట్టలు కట్టి నీటిమట్టమును చాల ఎత్తునకు లేపవలసివచ్చుననియు, చుట్టుప్రక్కల భూములు మునిగిపోవుననియు, పీటర్‌హోఫునకు ఆ చిక్కు లేదనియు నిరూపించెను. చక్రవర్తి ఆ మాటను మన్నించెను. తాను ఆరంభించిన పనిని కొలబద్ద చెప్పిన మాటకు లోబడి మానుకొనుట రాజులలో అరుదు. పీటరునందు దోషములు అనేకములు కలవు. ఈ గుణము మాత్రము అంగీకరింపదగినది.

పీటర్‌హోఫునకు దక్షిణముగా సుమారు 22 కిలోమీటర్ల దూరమున రోప్షా యను మెట్టప్రదేశమున్నది. అచ్చట భూమిలోనుండి ఎల్లకాలము ఊటలు ఉబుకుచుండును. 1720లో చక్రవర్తి స్వయముగా ఆ ప్రాంతమున తిరిగి ఈ ఊటలను చూచెను. వసీలీ తువోల్కోవు అను రష్యను ఇంజనీరు ఆ నీటిని తెచ్చు భారమును వహించెను. 1721 వేసవినాటికి కాలువ పూర్తియయ్యెను. కాలువలక్రింద సేద్యము చేయు రైతులకు ఇందలి మర్మమును విప్పిచెప్ప నక్కరలేదు. ఊటల నీరు కాలువలబడి చెఱువులలో చేరును. ఒక చెఱువునుండి మరియొక చెఱువునకు తూములద్వారా దిగుచు ఎగువతోటలోని కొలనులకు వచ్చును. ఈ కొలనులు చూచుటకు అలంకారములే గాని యథార్థమునకు అవి తొట్లు. గట్టు పైభాగమునుండి గొట్టములలో దిగిన నీరు దిగువతోటలో సన్నని మూతులగుండ బయటపడి, తాను దిగివచ్చిన మట్టమును మరల అందుకొనుటకు పైకెగయును. ఒరపిడివలనను గాలివలనను కొంత తగ్గును. మిగిలిన ఎత్తు మనకు కనబడును. తోటలోని పనియైన పిదప నీరు సముద్రములో కలిసిపోవును. ఒకమారు ఆడిన నీరు మరల ఆడదు.

తొలినాళ్లలో గొట్టములు చాలవరకు కొయ్యవి. మ్రానులను నిడుపుగా తొలిచి ఒకదానికొకటి అదికి భూమిలో పూడ్చిరి. తరువాత క్రమముగా ఇనుపగొట్టములు వచ్చినవి. కాలువను త్రవ్వినవారు సైనికులును, వెట్టికి పట్టితెచ్చిన రైతులును. ఆనాడు రష్యాలోని రైతులలో అధికసంఖ్యాకులు భూమితోపాటు చేతులు మారు దాసులు. పార, గునపము, త్రోపుడుబండి తప్ప వారికి వేరు సాధనములు లేవు. చక్రవర్తి పేరు పట్టణమునకు నిలిచినది. ఇంజనీరు పేరు గ్రంథములలో నిలిచినది. బురదలో నిలిచి మట్టి మోసినవారి పేర్లు ఎచ్చటను లేవు. వెర్సేల్సులో రాజుగారి యంత్రము ఏనాడో శిథిలమయ్యెను. వీరు త్రవ్విన దారిని నీరు నేటికిని నడచుచున్నది.

1723 ఆగస్టులో పీటర్‌హోఫ్ ప్రారంభోత్సవము వైభవముగా జరిగెను. అప్పటి మేడ నేటి మేడకంటె చిన్నది. పీటరు 1725లో మరణించెను. అతని కుమార్తె యగు ఎలిజబెత్ రాణి కాలమున, 1745 మొదలు 1755 వరకు, రాస్ట్రెల్లి యను శిల్పాచార్యుడు దానిని పెంచి, రెండువైపుల రెక్కలు చేర్చి, లోపల అద్దములతోడను బంగారుపూతతోడను నింపివైచెను. ఆ గదులను వర్ణించుచు పోయినచో పుటలు చాలవు, చదువరులకు ఓపికయు చాలదు. పీటరు ఆ మేడలో ఇమడగలిగెడివాడు కాడు. అతని కిష్టమైనది ఒడ్డుననున్న చిన్నయిల్లే.

మేడముందు గట్టుమీదనుండి దిగువకు దుముకునది మహాజలసోపానము. ఇందులోనే 64 జలయంత్రములున్నవి. మెట్లకు ఇరుప్రక్కల బంగారుపూత పూసిన కంచువిగ్రహములు గ్రీకు, రోము పురాణములలోని దేవతలను, వీరులను, నదీదేవతలను ప్రదర్శించును. వీనినడుమ పెద్ద గుండములో సాంసను విగ్రహము నిలిచియున్నది. సాంసను బైబిలు కథలలోని మహాబలుడు. అతడు సింహము యొక్క దవుడలను రెండుచేతుల పట్టి చీల్చుచుండగా, దాని నోటినుండి లావైన నీటిధార 20 మీటర్ల ఎత్తునకు పైకి లేచును. ఇది వట్టి అలంకారము కాదు. పోల్టావా యుద్ధము జరిగిన దినము క్రైస్తవుల పంచాంగములో సంత్ సాంసను పండుగ. స్వీడన్ రాజచిహ్నములో సింహమున్నది. కావున చీల్చబడుచున్న సింహమెవరో చెప్పనక్కరలేదు. మొదటి విగ్రహమును 1735లో సీసముతో పోతపోసి ప్రతిష్ఠించిరి. దానిని చేసినవాడు మేడను పెంచిన రాస్ట్రెల్లికి తండ్రి. అది కాలక్రమమున చెడిపోగా, 1802లో కొజ్లోవ్స్కీ యను శిల్పి కంచుతో మరియొకటి చేసెను. సాంసనునకు మూడవ జన్మ గూడ కలదు. ఆ కథ ముందు రాగలదు.

సాంసను పాదములవద్దనుండి సముద్రమువరకు తిన్నని కాలువ యున్నది. పూర్వము అతిథుల పడవలు దీనిలోనే మేడవరకు వచ్చుచుండెను. కాలువకు ఇరువైపుల తోట విప్పుకొనును. వెనిస్ శిల్పి బొనాజ్జా చెక్కిన ఆదాము, హవ్వల పాలరాతి ప్రతిమలు రెండు నీటిమండపములనడుమ నిలిచినవి. ‘పిరమిడ్’ అనునది 505 ధారలతో ఏడు అంతస్తులుగా లేచిన నీటిగోపురము. ఇక పిల్లలను ఆకర్షించునవి పరిహాసపు జలయంత్రములు. గొడుగువంటి మండపముక్రింద కూర్చున్నవారిచుట్టు హఠాత్తుగా నీటితెర దిగును. చెట్టనుకొని సమీపించినది కొమ్మలనుండి నీరు చిమ్మును. పలుగురాళ్లు పరచినచోట ఏ రాయి త్రొక్కిన నీరు వచ్చునో కనుగొనవలెనని పిల్లలు ఎగిరెగిరి త్రొక్కుచుందురు. యథార్థమునకు చాటున కూర్చున్న ఉద్యోగి యొకడు మీటను త్రిప్పుచుండును. ఈ రహస్యము తెలిసిన పెద్దలు గూడ రాళ్లను త్రొక్కుటకు వెనుదీయరు.

ఇట్టి వినోదములకు కొన్ని అడుగుల దూరముననే మోంప్లెసీర్ గృహమున్నది. ఎఱ్ఱని ఇటుకలతో, ఒకే అంతస్తుతో, డచ్చి వర్తకుని ఇంటివలె నుండును. దీని కిటికీలనుండి పీటరు క్రోన్‌ష్టాట్ కోటను, తన నౌకలను చూచుకొనుచుండెడివాడు. ఈ ముద్దులయిల్లే ఒక ఘోరమునకు సాక్షి. పీటరు కుమారుడగు అలెక్సీ తండ్రి మార్గమును ఇష్టపడక విదేశములకు పారిపోయెను. అభయమిచ్చి అతనిని వెనుకకు రప్పించిరి. 1718 మే నెలలో తండ్రి కుమారుని పీటర్‌హోఫునకు పిలిపించి ప్రశ్నించెను. నికొలాయ్ గే యను చిత్రకారుడు 1871లో ఈ ఘట్టమును చిత్రించెను: నలుపు తెలుపు రాళ్ల గచ్చుమీద తలవంచి నిలిచిన కొడుకు, బల్లయొద్ద కూర్చుండి అతనివైపు చూచుచున్న తండ్రి. ఆ సంవత్సరము జూన్ నెలలో అలెక్సీ నగరదుర్గపు చెఱలో మరణించెను. అప్పటికి అతనిని చిత్రహింసకు గురిచేసి, మరణదండన విధించియుండిరి. నీటి మట్టమును అంత ఓర్పుతో తెలిసికొనిన తండ్రి కన్నకొడుకు మనసును తెలిసికొనలేకపోయెను.

ఈ మోంప్లెసీర్ ప్రక్కనున్న కట్టడమునుండియే 1762 జూన్ 28వ తేదీ తెల్లవారుజామున మరియొక నాటకము మొదలయ్యెను. మూడవ పీటరు భార్యయగు కాథరిన్ అచ్చట నిద్రించుచుండగా అలెక్సీ ఓర్లోవ్ అను సేనాని వచ్చి లేపి, బండిలో నగరమునకు కొనిపోయెను. అచ్చటి పటాలములు ఆమెను చక్రవర్తినిగా ప్రకటించినవి. తన నామదినోత్సవమునకై పీటర్‌హోఫునకు వచ్చిన భర్తకు భార్య కానరాలేదు; మరునాడు సింహాసనము గూడ కానరాలేదు. అతనిని రోప్షాయందలి ఇంటిలో నిర్బంధించిరి. కొన్ని దినములకే అతడచ్చట మరణించెను. శూలవ్యాధి యని ప్రకటించిరి, ఎవరును నమ్మలేదు. అపుడు అతనికి కావలియున్న వారిలో ముఖ్యుడు ఆ ఓర్లోవే. తోటకు నీరు వచ్చు రోప్షా, ఈ రోప్షా, ఒక్కటే.

మేడలోని ఒక గదిలో 1770 నాటి చెష్మా నౌకాయుద్ధపు చిత్రములున్నవి. తురుష్కనౌకలను తగులబెట్టిన ఆ విజయమునకు నాయకుడు మరల ఓర్లోవే. చిత్రకారుడగు హాకర్టునకు ఓడ ప్రేలుట ఎట్లుండునో తెలియదని, ఒక పాత యుద్ధనౌకను ఇటలీ తీరమున నిజముగా ప్రేల్చి చూపించిరి. బొమ్మకొఱకు ఓడను కాల్చగల ఆ దర్పమును చూచినపుడు, కాలువ త్రవ్విన కూలీల సంగతి మరల జ్ఞప్తికి రాకమానదు.

పందొమ్మిదవ శతాబ్దిలో చక్రవర్తులు ప్రక్కన మరికొన్ని భవనములను, తోటలను చేర్చిరి. వానిలో నొకదానియందు 1904లో కడపటి చక్రవర్తి రెండవ నికోలసునకు కుమారుడు జన్మించెను. ఆ బాలునకును అలెక్సీ యనియే పేరు పెట్టిరి. 1917లో విప్లవము వచ్చి రాజ్యము పోయెను. 1918 మే నెలలో ఈ భవనములో సామాన్యప్రజలు తొలిసారి దర్శకులై అడుగిడిరి. ఆ సంవత్సరము జులైలో రాజకుటుంబమును దూరమున యెకతెరీన్‌బర్గునందు కాల్చిచంపిరి. 13 ఏండ్ల బాలుడు గూడ అందులోనే పోయెను. పీటరు కుమారుడు పోయిన 1718 నుండి లెక్కించిన సరిగా 200 సంవత్సరములు.

అది మొదలు 1941 వరకు పీటర్‌హోఫ్ ప్రజల విహారస్థలము. సెలవుదినములలో నగరములోని శ్రామికులు పిల్లలతో వచ్చి జలయంత్రములక్రింద తడిసి పోవుచుండిరి. 1941 జూన్‌లో జర్మను సేనలు రష్యామీద పడినవి. ప్రదర్శనశాల ఉద్యోగులు రాత్రింబవళ్లు పెట్టెలు కట్టి వేలకొలది వస్తువులను తరలించిరి. మోయలేని ప్రతిమలను తోటలోనే పాతిపెట్టిరి. కాలము చాలలేదు. సెప్టెంబరు 23వ తేదీన శత్రువులు పీటర్‌హోఫును ఆక్రమించునప్పటికి సాంసను తన గుండముననే నిలిచియుండెను. అక్టోబరు 5వ తేదీ రాత్రి క్రోన్‌ష్టాట్‌నుండి సుమారు 500 మంది నావికులు చీకటిలో దిగువతోట యొడ్డున దిగి పోరాడిరి. కొద్దిదినములలో దాదాపు అందరును ఆ చెట్లక్రిందనే నేలకొరిగిరి.

యుద్ధపంక్తి పీటర్‌హోఫు ప్రక్కనే 27 నెలలు నిలిచిపోయెను. 1944 జనవరి 19వ తేదీన పట్టణము విముక్తమగునప్పటికి మేడ కాలి, కప్పుకూలి, మొండిగోడలతో నుండెను. వేలకొలది వృక్షములు నరకబడినవి. తోటలో ట్యాంకుల నాపు గోతులును, అడుగడుగున మందుపాతరలును మిగిలినవి. సాంసను, ఆయన సరసనుండిన నేవా, వోల్ఖోవు నదీదేవతల విగ్రహములు మాయమైనవి. మరల ఎన్నడును దొరకలేదు. జర్మను పేరు చెవికి కంటకమగుటచే పట్టణమునకు పెట్రోద్వోరెత్స్ అని పేరు మార్చిరి. 1997లోగాని పాతపేరు రాలేదు.

అప్పటి లెనిన్‌గ్రాడు స్థితిని తలచుకొనవలెను. 872 దినముల ముట్టడిలో 6 లక్షలకు తక్కువకాని ప్రజలు చాలవరకు ఆకలిచేతనే చనిపోయిరి. మిగిలినవారికి ఇండ్లు లేవు, కట్టెలు లేవు. అట్టి సమయమున మొదట మందుపాతరలు తీయించి, గోతులు పూడ్చి, చెట్లు నాటి, గొట్టములు బాగుచేయ నారంభించిరి. నగరమునుండి వచ్చి పారపట్టినవారిలో స్త్రీలు పెక్కురు. ఇండ్లు లేనప్పుడు బంగారుబొమ్మల తోట కెందుకింత తొందర యను ప్రశ్న ఎవరికైనను తోచును. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే వారు తిరిగి కట్టుకొనినది చక్రవర్తుల తోటను కాదు. 1918 మొదలు దాదాపు రెండు పుష్కరములు అది వారి తోట. ముట్టడిలో చనిపోయిన బిడ్డలు ఎందరో అందు ఆడుకొనియుండిరి. పీటరు కాలపు వెట్టికూలీకిని, 1944లో పారపట్టిన తల్లికిని చేతిలోని పని ఒక్కటే. పనికి పిలిచినవారు వేరు.

1945 జూన్ 17వ తేదీన దిగువతోట తెరువబడెను. 1946 ఆగస్టులో కొన్ని జలయంత్రములు మరల ఆడినవి. సాంసనునకు అచ్చు గాని, సరియైన నమూనా గాని మిగులలేదు. వసీలీ సీమొనోవ్ అను శిల్పి పాత ఛాయాచిత్రములను, వర్ణనలను ముందుంచుకొని, నీడలనుబట్టి కండరముల ఉబ్బును ఊహించి మూడవ సాంసనును మలచెను. 1947లో ఆ కంచువిగ్రహమును వాహనముమీద లెనిన్‌గ్రాడు వీధులగుండ కొనివచ్చిరి. ఆ సెప్టెంబరు 14వ తేదీన సింహపు నోటినుండి ధార తిరిగి లేచెను. ఈసారి ఆ సింహము ఎవరో ఎవరికిని చెప్పవలసిన పనిలేకపోయెను. మేడలోని గదులకు మరింత కాలము పట్టెను. 1964లోగాని తొలిగదులు తెరువబడలేదు. యుద్ధమునకు ముందు తీసిన కొలతలు, గీసిన పటములు, దఫ్తరములలో దాచిన లెక్కకాగితములు లేకున్న ఆ పని సాగెడిది కాదు. శిల్పులు నెలలకొలది గ్రంథాలయములలో, దఫ్తరములలో కూర్చుండి, పిదపనే ఉలి చేతబట్టిరి. 1990లో పీటర్‌హోఫ్ నగరముతోపాటు ప్రపంచవారసత్వ స్థలములలో చేర్చబడెను.

శీతకాలమున జలయంత్రములను కట్టివేయుదురు. వసంతమున మంచు కరగిన పిదప మరల విడుతురు. వేసవిలో ఉదయము 11 గంటలకు గట్టుక్రింద జనము గుమిగూడియుండగా, వాద్యసంగీతము మొదలగును; మొదట మెట్లమీద సన్నని ధారలు, కడపట సాంసను సింహపు నోటి పెద్దధార లేచును. సాయంకాలము తూములు మూసివేయుదురు. రాత్రి తోటలో ఎవరును లేనివేళ, రోప్షా ఊటలనుండి బయలుదేరిన నీరు మరునాటికై చెఱువులలో నిండుచుండును.